ఇంట నిలుపుటయు దాసోహమే

శ్రీ గురు బసవలింగాయ నమః



విశాఖపట్టణపు రేవుకు దక్షిణమున, డాల్ఫిన్స్ నోస్ కొండకు ఆవలి ప్రక్క యారాడ గ్రామము కలదు. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపు సముద్రము. ఆ ఊరి ఇసుకపై నిలిచి సముద్రమువైపు చూచినచో, దూరమున నీటిపై ఓడలు కదలక నిలిచియుండుట తరచుగా కానవచ్చును. పిల్లలు వానిని చూచి, "అవి లోనికి ఏల పోవు?" అని అడుగుదురు. "వాని వంతు ఇంకను రాలేదు" అని పెద్దలు చెప్పుదురు.

ఆ మాట చాలవరకు నిజమే. కాని రేవుల ధర్మమున మరియొక నియమము కూడ కలదు. విదేశమునుండి వచ్చు ఓడ, తనలో అంటురోగము లేదని రేవు ఆరోగ్యాధికారికి తెలిపి, అనుమతి పొందిన పిదపనే మనుష్యులను దింపవలెను. ఆ అనుమతి కోరుచు పసుపుపచ్చని జెండా ఎత్తుట ఓడలవారి ఆచారము. లోపల అంటురోగి ఉన్నాడని తెలిసినచో ఓడ వెలుపలనే ఆగవలసి వచ్చును. అట్లు ఆగిన ఓడను ఎవరును దూషింపరు. దానికి కావలసిన నీరు, ఆహారము, మందులు పడవలపై పంపుదురు. ఆ ఓడ ఆగినది తన కొరకు కాదు, ఊరి కొరకు.

ఈ పాఠము ఇండ్లకును, బడులకును, మఠములకును అవసరమైనది. జ్వరముతో ఉన్న బిడ్డను బడికి పంపక ఇంట నిలుపుట, పరుల బిడ్డలకు చేయు దాసోహము. ఫ్లూ జ్వరము విషయమున శరణులు గ్రహింపవలసిన సారమంతయు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నది.

రేవు దాటి వచ్చిన వ్యాధి

ఫ్లూ సముద్రముపై వచ్చి ఊళ్ళలోనికి ప్రాకుట భారతదేశము ఒకమారు గాక పలుమారులు చూచెను. 1918లో బొంబాయి రేవున తలయెత్తిన ఇన్‌ఫ్లుయెంజా కొలది నెలలలోనే దేశమంతటను వ్యాపించెను. నాడు ఈ దేశమున ఒక కోటి ఇరువది లక్షలకు తక్కువ కాకుండ జనులు మరణించిరని పలువురు చరిత్రకారుల అంచనా. మరల 1957 మే నెలలో సింగపూరు నుండి మద్రాసు రేవుకు వచ్చిన ‘రాజుల’ అను ఓడలో పలువురు జ్వరపీడితులై ఉండిరి. అచ్చటినుండి ఆ వ్యాధి నగరమునకు, నగరమునుండి దేశమునకు ప్రాకెను. 1958 ఫిబ్రవరి నాటికి 44 లక్షలకు పైగా రోగులు, వెయ్యికి పైగా మరణములు లెక్కకు వచ్చెను.

2009లో ‘స్వైన్ ఫ్లూ’ అని జనులు పిలిచిన కొత్త జాతి ఓడలకై వేచియుండలేదు, విమానములపై వచ్చెను. ఆ సంవత్సరము మే నెలలో ఈ దేశపు తొలి రోగిని హైదరాబాదులో గుర్తించిరి. ఆగస్టులో పుణె నగరమున ఒక పాఠశాల విద్యార్థిని కన్నుమూసెను. ఆ వ్యాధిచే దేశమున నమోదైన తొలి మరణము అదియే. మొదట పోయినది బడికి పోవు బిడ్డ అనునది తల్లిదండ్రులు మరువరాని సంగతి.

2020 మార్చిలో కరోనా కారణమున బడులు మూతపడినపుడు ముఖమునకు గుడ్డ, చేతికి సబ్బు, మనిషికి మనిషికి నడుమ ఎడము అందరును నేర్చిరి. భయము తొలగగానే ఆ పాఠములు కూడ తొలగిపోవుచున్నవి. భయముచే నేర్చినది భయముతో పోవును. ధర్మముగా నేర్చినది నిలుచును. కనుకనే ఈ విషయమును ధర్మపీఠముపై ఉంచి చెప్పవలసియున్నది.

ఒక ఇంటి కథ

యారాడ వంటి ఊరిలో ఒక ఇంటిని మనసున తలచుడు. తండ్రి సముద్రముపై వేటకు పోవును. తల్లి తెల్లవారకముందే కొండ దాటి కూలిపనికి పోవును. ఇంట డెబ్బది ఏండ్ల నాయనమ్మ. నాలుగవ తరగతి చదువు కొడుకునకు ఒక రాత్రి ఒళ్ళు కాలెను. ఉదయమున తల్లి జ్వరపుబిళ్ళ వేయగా చెమట పట్టి ఒళ్ళు చల్లబడెను. "నేడు పరీక్ష గదా, పోయి రా నాయనా" అని ఆమె బిడ్డను పంపెను.

బిళ్ళ జ్వరమును దాచెను గాని వ్యాధిని తీయలేదు. మధ్యాహ్నమునకు బిడ్డ బల్లపై తల వాల్చెను. అప్పటికే ప్రక్కవాని పెన్సిలు, ముందువాని నీళ్ళగ్లాసు, భోజనపు పంక్తిలో పదిమంది శ్వాస ఆ బిడ్డ దగ్గుతో కలిసిపోయెను. మూడు నాలుగు దినములలో ఆ తరగతిలో ఐదారుగురు మంచము పట్టిరి. వారిలో ఒకని ఇంట పాలు త్రాగు చెల్లెలు, మరియొకని ఇంట ఆయాసపు తాత. చివరకు బిడ్డ ఇంటనే నాయనమ్మకు ఊపిరి బరువెక్కెను.

ఆ తల్లి పాపాత్మురాలా? కాదు. ఆమె ఇంట నిలిచినచో ఆ దినపు కూలి పోవును. నాలుగు దినములు నిలిచినచో పనియే పోవచ్చును. ఆమెను తప్పుపట్టుటకు ముందు, ఆ కూలిని గూర్చి ఊరు ఏమి చేసెనని అడుగవలెను. ఓడ వెలుపల ఆగవలెనని శాసించువారే దానికి నీరు, ఆహారము పంపవలెను గదా.

బెజ్జమహాదేవి చూపిన చూపు

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథ చెప్పెను. లోకమున అందరికిని తల్లి కలదు, శివునకు మాత్రము తల్లి లేదు గదా యని ఆమె దుఃఖించి, తానే తల్లియై, శివుని శిశువుగా భావించి, నీళ్ళు పోసి పాలు పట్టి పెంచెను. ఆమె భక్తిని పరీక్షింపగోరి శివుడు గొంతు వ్యాధి వచ్చిన పసిబిడ్డవలె పాలు త్రాగక ఉండెను. ఆ తల్లి తల్లడిల్లి, బిడ్డ లేని బ్రతుకేలయని ప్రాణములు విడువబోగా శివుడు ప్రత్యక్షమయ్యెను.

ఈ కథను బెజ్జమహాదేవి గొప్పతనముగా మాత్రమే విని ఊరకుండరాదు. ఆమెకు ఎదుట ఉన్నది దేవుడా బిడ్డయా అను భేదమే లేదు. గొంతు నొచ్చిన బిడ్డలో శివుని చూచిన చూపు ఆమెది. తన బిడ్డ దగ్గినపుడు ప్రతి తల్లికిని ఆ చూపు కొంత సహజముగానే కలుగును. కాని తరగతిలో తన బిడ్డ ప్రక్కన కూర్చున్న బిడ్డకును ఇంట ఒక బెజ్జమహాదేవి ఉన్నది. ఆ తల్లి కన్నీటిని ముందుగానే తలచి తన బిడ్డను ఇంట నిలిపిన తల్లి, శివుని రెండు ఇండ్ల యందును పూజించినదగును.

వ్యాధి నడచు దారి

శత్రువు నడచు దారి తెలియక కాపలా కాయుట వ్యర్థము. ఫ్లూ సోకినవాడు దగ్గినను, తుమ్మినను, బిగ్గరగా మాటలాడినను సన్నని తుంపరలు వెలువడును. అవి ప్రక్కవాని ముక్కు, నోరు, కన్నులలోనికి చేరును. బల్లపై, తలుపు గడియపై, గ్లాసుపై పడిన వైరస్ కొన్ని గంటలు, నున్నని గట్టి వస్తువులపై ఒక దినము వరకును నిలువగలదు. ఆ చోట తాకిన చేయి ముక్కును తాకినచో దారి పూర్తియగును.

వైరస్ ప్రవేశించిన తరువాత ఒకటి మొదలు నాలుగు దినములలో, సాధారణముగా రెండవ దినమున, జ్వరము పైకి వచ్చును. మామూలు రొంప మెల్లగా వచ్చును. ఫ్లూ ఒక్కసారిగా పడవేయును. తీవ్రజ్వరము, ఒళ్ళునొప్పులు, తలనొప్పి, పొడిదగ్గు, లేవలేని నీరసము దాని గుర్తులు. పిల్లలకు వాంతులు, విరేచనములు కూడ కావచ్చును. జ్వరము కనబడుటకు ఒక దినము ముందునుండి, కనబడిన పిదప ఐదు మొదలు ఏడు దినముల వరకు రోగి ఇతరులకు అంటింపగలడు. చిన్నపిల్లలు అంతకన్న ఎక్కువ దినములు అంటింతురు. ఈ దేశమున వానకాలమునను, జనవరి మొదలు మార్చి వరకును దీని ఉధృతి ఎక్కువ.

కాయకము తప్పినట్లు కాదా?

ఇచట ఒక సందేహము కలుగును. కాయకమును కైలాసముతో సమముగా ఎంచిన ధర్మమిది. చదువు బిడ్డకు కాయకము. దానిని ఒక దినమైనను మానరాదని కొందరు తల్లిదండ్రులు వాదింతురు. ఏడాది పొడవునను ఒక్క దినము మానని విద్యార్థికి సభలో బహుమతి ఇచ్చు వాడుక కొన్ని బడులలో కలదు. ఆ బహుమతికై జ్వరమును దాచుకొని వచ్చు పిల్లలును కలరు.

ఈ వాదమున సత్యము కలదు. చిన్న నెపమునకే బడి మానుట సోమరితనము, దానిని శరణులు మెచ్చరు. కాని కాయకమనగా కేవలము పని కాదు. పదిమందికి మేలు చేయునదై, ఎవరికిని హాని చేయనిదైనపుడే పని కాయకమగును. దాసోహపు పంక్తిలో వడ్డించువాని చేతికి పుండు లేచినచో, ఆ దినము వడ్డన మానుటయే వానికి కాయకము. అట్లే జ్వరము వచ్చిన దినమున విశ్రమించుట బిడ్డకు కాయకము, బిడ్డను కనిపెట్టియుండుట పెద్దలకు కాయకము. పోయిన పాఠమును మరల నేర్పవచ్చును. పోయిన ఊపిరిని ఏ గురువును మరల నేర్పలేడు.

పంచాచారములు – పంచ రక్షలు

బసవాది శరణులు నడచిన పంచాచారములను ఈ వ్యాధి యెదుట నిలిపి చూచినచో, చేయవలసిన పనులన్నియు అందే కానవచ్చును.

మొదటిది లింగాచారము. ఇష్టలింగమునకు పీఠము అరచేయి. ఆ చేతిని శుద్ధి చేసికొనకుండ ఏ భక్తుడును లింగమును ఎత్తికొనడు. ఆ శుద్ధినే దినమంతయు పాటింపవలెను. ఫ్లూ వైరస్‌పై ఒక కొవ్వు పొర కలదు. సబ్బు ఆ పొరను కరిగించి దానిని చంపును. వట్టినీరు అంత పని చేయజాలదు. ఇరువది సెకండ్లు చేతులు రుద్దవలెనని వైద్యుల మాట. పంచాక్షరిని మెల్లగా పదిమారులు స్మరించుటకు ఇంచుమించు అంత కాలము పట్టును. మధ్యాహ్న భోజనమునకు ముందు, బడి విడిచి ఇల్లు చేరగానే, ముక్కు చీదిన పిదప పిల్లలు అట్లు చేయునట్లు చూచినచో స్మరణయు శుద్ధియు ఒక్కసారియే సిద్ధించును.

రెండవది సదాచారము. దగ్గు వచ్చినపుడు అరచేతిని అడ్డుపెట్టక, మోచేతి మడతలోనికి గాని గుడ్డలోనికి గాని దగ్గుట నేర్పవలెను. ఒకరి గ్లాసును, తువ్వాలును మరియొకరు వాడరాదు. ఎవరి నీళ్ళసీసా వారు తెచ్చుకొనవలెను. తరగతి కిటికీలు తెరచియుంచవలెను. యారాడకు సముద్రపు గాలి ఈశ్వరుడిచ్చిన వరము. దానిని తలుపులు మూసి వెలుపల నిలుపుట అవివేకము. కొండ దాటి చదువులకు పోవు పిల్లలు క్రిక్కిరిసిన బస్సులలో, ఆటోలలో పోవునపుడు దగ్గు ఉన్నవారు ముఖమునకు గుడ్డ కట్టుకొనుట మర్యాద.

మూడవది శివాచారము. శివభక్తులలో హెచ్చుతగ్గులు లేవని నమ్ముట దీని మూలము. బిడ్డను ఇంట నిలుపుడని చెప్పుట తేలిక. కలిగినవారికి అది తేలికయే. కూలి ఇంటికి అది ఆకలి. కనుక ఇరుగుపొరుగు వారిలో ఆరోగ్యవంతులైన పెద్దలు ఒకరు ఆ బిడ్డను చూచుకొనుటకు ముందుకు రావలెను. ఆ పనిని వృద్ధులకు, గర్భిణులకు, పసిబిడ్డల తల్లులకు అప్పగింపరాదు. వ్యాధి వారికే ఎక్కువ ప్రమాదకరము. ఎవరును దొరకనిచో తల్లికి పోయిన కూలిని సంఘము దాసోహముగా తీర్చవలెను. పండుగనాడు వందమందికి అన్నము పెట్టు చేతులకు, ఒక తల్లికి మూడు దినముల కూలి ఇచ్చుట భారము కాదు. అట్లే ఫ్లూకు టీకా కలదు. వైరస్ మారుచుండును కావున దానిని ఏటేట వేయించుకొనవలెను. ఆరు నెలలు నిండినది మొదలు ఐదేండ్ల వరకు పిల్లలకు ఏటేట వేయింపవలెనని భారతీయ శిశువైద్యుల అకాడమీ చెప్పుచున్నది. తొమ్మిదేండ్ల లోపు బిడ్డకు మొదటిసారి అయినచో నాలుగు వారముల ఎడముతో రెండు మోతాదులు కావలెను. ఉబ్బసము, గుండెజబ్బు గల పిల్లల విషయమున ఆలస్యము చేయక వైద్యుని అడుగవలెను. టీకా ఖర్చు భరింపలేని ఇంటికి చేయూతనిచ్చుటయు శివాచారమే.

నాలుగవది భృత్యాచారము. సేవకుడై ఉండుట శరణుని భూషణము. జ్వరము వచ్చిన బిడ్డను గాలి వచ్చు గదిలో వేరుగా పడుకొనబెట్టి, ఒక్కరే దగ్గర ఉండి సేవచేయవలెను. గంజి, మజ్జిగ, కాచి చల్లార్చిన నీరు కొంచెము కొంచెముగా పట్టవలెను. జ్వరపు మందు బిడ్డ బరువును బట్టి వైద్యుడు చెప్పిన కొలతలోనే ఇయ్యవలెను. పిల్లలకు ఆస్పిరిన్ ఇయ్యరాదు. ఫ్లూతో కలిసినచో అది మెదడుకు, కాలేయమునకు అరుదైనను ఘోరమైన హాని చేయగలదు. యాంటీబయాటిక్ మందులు వైరస్‌పై పనిచేయవు. దుకాణమున అడిగి తెచ్చి వేయుట హాని. ఫ్లూకు తగిన మందును వైద్యుడు మొదటి రెండు దినములలో ఇచ్చినచో గుణము ఎక్కువ.

బిడ్డ ఎగఊపిరి విడుచుచున్నను, శ్వాసకు డొక్కలు లోనికి పోవుచున్నను, పెదవులు నీలవర్ణము దాల్చినను, నీరు త్రాగకున్నను, పిలిచిన పలుకక మగతగా ఉన్నను, మూర్ఛ వచ్చినను, తగ్గిన జ్వరము మరల తీవ్రమైనను ఒక్క క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. కొండదారి గల ఊళ్ళవారు తెల్లవారనిమ్మని రాత్రిపూట ఆగరాదు. విభూతి పెట్టుట విశ్వాసము, వైద్యునకు చూపుట వివేకము. ఈ రెంటికిని వైరము లేదు. నుదుట విభూతి ధరింపజేసిన చేతితోనే బిడ్డను ఎత్తుకొని వైద్యుని కడకు పోవలెను.

ఐదవది గణాచారము. సంఘమునకు కీడు కలిగించు వాడుకను చూచి ఊరకుండక, ధైర్యముగా పలుకుట గణాచారము. జ్వరముతో వచ్చిన బిడ్డను మెచ్చు బహుమతి తగదని బడి సభలో పలుకవలెను. మానిన దినముల పాఠమును ఇంటికి పంపుటకును, పోయిన పరీక్షను మరల పెట్టుటకును ఉపాధ్యాయులను కోరవలెను. తిరిగివచ్చిన బిడ్డను "అంటించువాడు వచ్చెను" అని తోటివారు వెక్కిరించినచో గురువు వెంటనే వారింపవలెను. దూరముంచవలసినది వ్యాధిని, బిడ్డను కాదు. మనుష్యుని అంటరానివానిగా చూచు దురాచారమునే బసవేశ్వరుడు ఎదిరించెను; వ్యాధి పేరిట ఆ దురాచారము మరల గడప దాటి లోనికి రారాదు.

ఈ మాట మఠములకును వర్తించును. అన్నదానముతో పాటు విద్యాదానము చేయుట వీరశైవ మఠముల కీర్తి. తుమకూరు చెంత సిద్ధగంగ మఠము వేలాది విద్యార్థులకు అన్నము, వసతి, విద్య ఉచితముగా ఇచ్చుచున్నది. ఆ సేవను దశాబ్దములు నడిపిన శివకుమార స్వామివారు 2019 జనవరి 21న 111 ఏండ్ల వయస్సున లింగైక్యము చెందిరి. చిన్నదైనను పెద్దదైనను విద్యార్థులు కూడి ఉండు ప్రతి మఠమునను జ్వరపీడితులకు ఒక వేరు గది, పడకల నడుమ ఎడము, భోజనశాల వాకిట సబ్బు, రోగి పళ్ళెము గ్లాసు వేరుగా ఉండవలెను. ప్రసాదమును రోగి ఉన్న చోటికే పంపవలెను. పాదోదకమును ఒకే గిన్నె పెదవులకు తగిలించి అందరును పుచ్చుకొనక, ఉద్ధరిణెతో ఎవరి అరచేతిలో వారికి పోయవలెను. అట్లు చేసినందున తీర్థపు పవిత్రతకు లోపము రాదు. దగ్గు జ్వరము గల జంగమదేవరలు నయమగువరకు ఇండ్లకు బిచ్చేయక, ఉన్న చోటనే ఉండి ఆశీర్వదించుట పిల్లలకు మేలు.

తిరిగి రేవు చేరుట

ఎన్ని దినములు నిలుపవలెనని తల్లి అడుగును. మందు వేయకయే 24 గంటలు బిడ్డ ఒళ్ళు చల్లగా ఉండవలెను. దగ్గు తగ్గి, తిండి తిని, ఆటకు లేవవలెను. అప్పుడు బడికి పంపవచ్చును. జ్వరపుబిళ్ళతో చల్లబడిన ఒళ్ళు లెక్కకు రాదు. బిడ్డ బడి చేరిన దినమున గురువు చిరునవ్వుతో లోనికి పిలువవలెను. తోటివారు తమ పుస్తకములు ఇచ్చి పోయిన పాఠము వ్రాసికొననియ్యవలెను.

యారాడ ఒడ్డున నిలిచి చూచు పిల్లలు, వెలుపల ఆగిన ఓడ ఒకనాడు మెల్లగా కదలి కొండ మలుపు తిరిగి రేవులోనికి పోవుట చూచి కేకలు వేయుదురు. ఆగిన దినములలో అది చెడిపోలేదు. దాని సరకు దానియందే ఉన్నది. ఊరును క్షేమముగా ఉన్నది. ఇంట ఆగిన బిడ్డ విషయమును అంతే.

ఆ బిడ్డ ఇంట ఆగిన నాలుగు దినములలో ఆ ఇంటి పొయ్యి ఆరకుండ చూచుట మాత్రము ఊరి పని. అది జరిగిననాడే, బిడ్డను పంపవలదని ఆ తల్లితో చెప్పుటకు శరణులకు అధికారము కలుగును.